ఎండుగడ్డి రంగు

అక్టోబరు 18

తుపాకి పేలలేదు. తుపాకుల క్లబ్బంతా చూస్తుండగా పేలలేదు.

అక్టోబరు 19

నిన్న రాయబుద్ధి కాలేదు. ఈ రోజు రాస్తాను. మరచిపోయే ఉద్దేశం నాకు లేదు కనుక రాస్తాను.

నా వంతు వచ్చింది, గురి పెట్టాను, మీట నొక్కాను. కొక్కెం పట్టుకున్న చెకుముకి రాయి వెళ్లి ఫ్రిజెన్‌ను కొట్టింది. ఆ ఉక్కు పలక నిప్పు రాల్చాలి, ఆ నిప్పు కింద పళ్లెంలోని మందు మీద పడాలి. ఒక్క రవ్వ రాలితే ఒట్టు. మళ్లీ నొక్కాను. టక్కుమంది. మళ్లీ నొక్కాను. టక్కు. మైదానమంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఆ టక్కు అవతలి కొట్టం దాకా వినిపించి ఉంటుంది.

“బావా, అగ్గిపెట్టె ఇమ్మంటావా?”

ఇంకెవరు? కర్విన్. ఆర్లీన్‌ను చేసుకున్నప్పుడు ఆమెతోపాటు వచ్చిన తమ్ముడు. అందరూ నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వాడు. చదువుకున్న నాకు కాకుండా పశువుల దాణా అమ్మేవాడికి క్లబ్బు గ్రంథాలయాన్ని అప్పగించిన అధ్యక్షుడు ఈయనే. ఆ సంగతి కూడా నేను మరచిపోలేదు.

“ఫ్రిజెన్ అరిగిపోయిందిరా,” అన్నాను. “కొత్తది చేస్తాను.”

“చేయించుకో బావా. లాంకాస్టర్ వైపు మంచి పనివాళ్లున్నారు.”

“నేను చేస్తానన్నాను.”

“నువ్వా? మొన్న కుళాయి బాగుచేస్తానని మా అక్క వంటింట్లో చేపలు పెంచావు కదా.”

మళ్లీ నవ్వులు. అప్పుడన్నాడు, అందరూ వినేలా: “సరే. క్రిస్మస్ మర్నాడు పొద్దున్నే నాన్న మాటు దగ్గర కలుద్దాం. నీ చేత్తో చేసిన ముక్కతో తుపాకి పేలిందా, మాటు నీదే, చచ్చేదాకా అడగను. పేలలేదా, అది నాది.”

సరే అన్నాను.

మాటు అంటే జింకల కోసం పొంచి నిలబడే చోటు, బ్లూ మౌంటెన్ మీద కూలిన రాతిగోడ మూల. మా మామగారు పోయేముందు దాన్ని కొడుక్కి కాకుండా అల్లుడికి ఇచ్చాడు. “వీడికి నోరు ఎక్కువ, జింకలు రావు,” అన్నాడు. ఆ మాట కర్విన్ గొంతులో ఇంకా ముల్లులా ఉంది. చెకుముకి తుపాకులకు మాత్రమే అనుమతి ఉన్న ఆ శీతాకాలపు వేట మొదలైన నాటి నుంచీ ప్రతి ఏడూ ఆ మూలలో నిలబడ్డది నేను. ఈ ఏడూ నేనే నిలబడతాను.

అక్టోబరు 25

సరంజామా సిద్ధమైంది. ఖాళీ పెయింటు డబ్బాలో కొలిమి ఇటుకలు పేర్చి, పక్కన చిల్లు పెట్టి, గ్యాసు టార్చి మూతి అందులోకి దూర్చాను. పాత రేడియోలోంచి పీకిన అయస్కాంతాన్ని తీగకు వేలాడదీశాను. ఆర్లీన్ బీన్స్ వండే కుండలో నూనె పోశాను. అచ్చుపోసిన ఫ్రిజెన్లు కొన్ని ఒహాయో నుంచి తెప్పించాను. మెత్తగా ఉన్నాయి, వాటిని గట్టిపరచడమే పని. సున్నితమైన యంత్రాలున్నవాళ్లు ఇదంతా చూసి నవ్వుతారు. రెండు వందల ఏళ్ల క్రితం ఈ లోయలో తుపాకులు చేసినవాళ్లకు ఇంతకన్నా ఏముండేది?

నవంబరు 2

మంచి రోజు.

గారేజీ తలుపు దించి, కిటికీకి దుప్పటి కట్టాను. వెలుతురులో ఎరుపును నమ్మకూడదు. ఉక్కు నల్లటి ఎరుపు నుంచి చెర్రీపండు ఎరుపుకు వచ్చింది. అయస్కాంతానికి తగిలించాను, అంటుకోలేదు. అంటే సరైన సెగ అందింది. ఇంకాస్త ఉంచి నూనెలో ముంచాను. కుండ బుస్సుమంది, మంట లేచి ఆరింది, గారేజీ అంతా చేపలు వేయించిన వాసన. చల్లారాక ఆకురాయి పెట్టి గీశాను. గాజు మీద జారినట్టు జారింది. పుస్తకాలు చెప్పింది నిజం.

అలా గట్టిపడ్డ ఉక్కు పెళుసు. రాయి తగిలితే పగిలిపోతుంది. సన్నని సెగ మీద ఆ పెళుసు కొంచెం దించాలి. నునుపుగా మెరుగుపెట్టిన ఉక్కు వేడెక్కుతుంటే దాని మీద రంగులు పాకుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. ఫ్రిజెన్‌కు గడ్డి రంగు దగ్గర ఆపాలి. దాటిపోతే మెత్తబడుతుంది. ఈ కాలపు కుర్రకారు ఓవెన్‌లో పెట్టి వేడి చూపే ముల్లు చూసుకుంటారట. ముల్లు అబద్ధమాడుతుంది. రంగు ఆడదు. నలభై ఏళ్లు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దిన కళ్లివి. సంపాదకుడు చూడని కామాను చూసిన కళ్లు.

వంటింట్లో పొయ్యి మీద మూకుడు పెట్టి ఇసుక పోశాను.

“అది మా అమ్మ మూకుడు,” అంది ఆర్లీన్.

“తెలుసు.”

“మా అమ్మ దాన్ని జీవితంలో సబ్బుతో కడగలేదు. నువ్వు ఇసుక పోశావు.”

“శుభ్రమైన ఇసుకే.”

“నిన్ను కూడా శుభ్రమైన ఇసుకలోనే పూడుస్తాను, ఉండు.”

ముక్కను ఇసుకలో పెట్టి చూస్తూ కూచున్నాను. చాలాసేపు ఏ రంగూ రాలేదు. ఆర్లీన్ ఉల్లిపాయలు తరుగుతూ నా భుజం మీదుగా తొంగి చూసి, “ఆల్టన్, అది ప్లమ్ జామ్ రంగుకొచ్చింది, తీసెయ్,” అంది.

“గడ్డి రంగు ఇప్పుడే వస్తోంది.”

“గడ్డా! ఏ ఊరి గడ్డి?”

ఆవిడకు రంగులు ఎన్నడూ తెలియవు. భోజనాల గదికి ఆకుపచ్చ కర్టెన్లని చెప్పి బురద రంగువి తెచ్చి వేలాడదీసిన మనిషి. పక్కింటావిడ కూడా ఆకుపచ్చే అంది. ఆడవాళ్లంతా ఒకటి.

గడ్డి రంగు స్పష్టంగా వచ్చాకే తీశాను. అందమైన ముక్క.

నవంబరు 3

రవ్వలు లేవు. రాయి ఫ్రిజెన్ ముఖాన్ని దున్నేసింది. ఉక్కు మంచిది కాదు.

నవంబరు 5

ఒహాయో మనిషికి ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను. ఉక్కు అని రాసి సీసం అమ్మడం వ్యాపారమా మోసమా అని మాత్రం అడిగాను.

నవంబరు 12

ఇంకో ముక్క. నూనె మార్చాను. చెర్రీ ఎరుపు, అయస్కాంతం, బుస్సు, ఆకురాయి జారడం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మూకుడు, ఇసుక, గడ్డి రంగు. సాయంత్రం రాయి మళ్లీ దున్నింది. పొద్దున గాజులా ఉన్న ఉక్కు సాయంత్రానికి వెన్నలా మెత్తబడుతుందా? ఇది భౌతికశాస్త్రం కాదు, ఒహాయో.

కొత్త పుస్తకం వచ్చింది, ముప్ఫై ఏళ్ల యుద్ధం చరిత్ర. చదవలేకపోతున్నాను. ప్రచురణకర్తలు పచ్చబడ్డ కాగితం మీద బూడిద సిరాతో అచ్చువేస్తున్నారు. నా హయాంలో ఇలాంటి ప్రూఫు బల్ల దాటేది కాదు. వాళ్లకూ ఉత్తరం రాశాను. దీపం కింద పెట్టి చూసినా అదే పచ్చ, అదే బూడిద.

నవంబరు 21

చర్చి విందు. పంది మాంసం, పులియబెట్టిన క్యాబేజీ, అందరి మధ్యా కర్విన్. వేసవిలో శుక్లాలకు కంటి ఆపరేషన్ చేయించుకున్నప్పటి నుంచీ వాడికి వేరే కథ లేదు. ప్రతి బల్ల దగ్గరా ఆగి, “కట్టు విప్పగానే ఆకాశం చూశాను, అబ్బ, ఎవరో కడిగి ఆరేసినట్టుంది,” అని చెప్తాడు. నా బల్ల దగ్గర ఆగలేదు. నా కాళ్లు చూసి ఆగాడు.

“బావా, ఒక మేజోడు నలుపు, ఒకటి నీలం. కొత్త ఫ్యాషనా?”

“రెండూ నలుపే.”

“అక్కా, రెండూ నలుపేనట.”

ఆర్లీన్ నా మేజోళ్లు చూసింది. యాపిల్ పై ఒక ముక్క కోసి నా పళ్లెంలో పెట్టింది. అదీ నాకు నచ్చలేదు.

ఇంటికి వస్తుంటే బ్లూ మౌంటెన్ ఎదురుగా కనిపించింది. దానికి ఆ పేరు పెట్టినవాడు తాగి ఉండాలి. నా కళ్లకు అది ఏళ్లుగా బూడిద గుట్ట.

నవంబరు 30

ఇంకో ముక్క. అదీ అంతే.

డిసెంబరు 7

ఒహాయో నుంచి జవాబు. అతిమర్యాదగా ఉంది. క్షమించమన్నాడు, ఇంకో ముక్క ఊరికే పంపాడు. కింద ఒక ప్రశ్న: “పెళుసు దించేటప్పుడు ఏ రంగు దగ్గర ఆపుతున్నారు?”

నన్ను అడుగుతున్నాడు. ఏ రంగు దగ్గర ఆపుతున్నానని నన్ను.

ఊరికే సరుకు పంపేవాడికి దాచుకోవలసింది ఏదో ఉంటుంది.

డిసెంబరు 13

కర్విన్ వచ్చాడు. చేతిలో బెల్లపు పాకంతో చేసిన షూఫ్లై పై, మొహం మీద వెటకారం.

“పందెం రోజు దగ్గరికొస్తోంది బావా. మాటు చుట్టూ ముళ్లపొదలు పెరిగాయేమో, నేనే కొట్టించనా?”

“నా మాటు దగ్గర నీ కత్తి పని లేదు.”

“నీదంటే నీదే. తుపాకి పలికిందా మరి?”

“పలుకుతుంది.”

ఆర్లీన్ కాఫీ పోస్తోంది. పాడైన ముక్కలు బల్ల మీదే ఉన్నాయి. తీసేయాల్సింది, తీయలేదు. కర్విన్ ఒకటి తీసుకుని కిటికీ వైపు తిప్పాడు. వాడి మొహంలో వెటకారం కాస్త తగ్గింది.

“ఇది నీలం దాకా ఎందుకు పోనిచ్చావు?”

“నీలమేంటి? గడ్డి రంగు.”

ఇంకోటి తీశాడు. “ఇదీ?”

“గడ్డి రంగు.”

“బావా, ఇది ఊదా. నెమలి మెడలా ఉంది.”

“నీ కొత్త కన్ను ఊదా కన్ను,” అన్నాను.

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ముక్కను మెల్లగా బల్ల మీద పెట్టి అక్క వంక చూశాడు. అక్క తమ్ముడి వంక చూసింది. పుట్టినప్పటి నుంచీ ఒకే భాష మాట్లాడుకున్న ఇద్దరి మధ్య నేను పరాయివాడిలా కూచున్నాను. వాడు పై తినకుండానే లేచాడు. తలుపు దగ్గర ఆగి, “ఈ ఏడాది వద్దనుకుందాం బావా, వచ్చే ఏడాది చూద్దాం,” అన్నాడు.

“భయమా?”

“సరేలే. వస్తా. క్రిస్మస్ మర్నాడు.”

పందెం ఓడిపోతానని భయపడ్డాడు. ఇంకే కారణం ఉంటుంది?

డిసెంబరు 14

మంచు పడుతోంది. రాయడానికి ఏమీ లేదు.

పాడైన ముక్కలన్నీ తెల్ల కాగితం మీద పెట్టి చూశాను. గడ్డి రంగు. కిటికీ దగ్గర చూశాను. గడ్డి రంగు. కాగితమూ గడ్డి రంగే.

డిసెంబరు 15

కాగితం పాతది అయి ఉంటుంది.

డిసెంబరు 16

కొత్త కాగితాల కట్ట విప్పాను.

డిసెంబరు 20

ఒహాయో మనిషి ఊరికే పంపిన ముక్కను గట్టిపరిచాను. ఆకురాయి జారింది. మూకుడు పొయ్యి మీద పెట్టాను. ఆర్లీన్‌ను పిలిచాను. చిన్న పరీక్ష. ఆవిడకు రంగులు తెలుసో తెలియదో ఒకసారి తేల్చేయాలని.

“ఇక్కడ నిలబడు. ఎండుగడ్డి రంగు రాగానే చెప్పు.”

“నన్నెందుకు? నీ కళ్లున్నాయిగా.”

“నిలబడమన్నాను.”

చెయ్యి నడుం మీద పెట్టుకుని నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత ఎప్రాన్‌తో చేతులు తుడుచుకుని మూకుడు మీదికి వంగింది.

“ఏ గడ్డి? వానలో తడిసిందా, అప్పుడే కోసి ఎండబెట్టిందా?”

“అప్పుడే కోసింది.”

“అంటే వెన్న కరిగి రంగు మారడం మొదలైనప్పుడు. అలా చెప్పొచ్చుగా.”

నేనూ చూస్తున్నాను. తెల్లగా మెరిసే ఉక్కు. అలాగే ఉంది. ఇసుక వాసన. పొయ్యి మీద గడియారం. తెల్లగానే ఉంది.

“వచ్చింది. తీయి,” అంది.

ఏ రంగూ లేదు. నా కళ్లు సాక్షిగా ఏ రంగూ లేదు.

“ఆల్టన్! మాడిపోతుంది, తీయి!”

తీశాను. ఎందుకు తీశానో నాకు తెలియదు. మూకుడు ముందు నిలబడ్డ ఆడదాని మాటకు చెయ్యి దానంతటది కదిలింది.

“ఇది గడ్డి రంగు అంటావా?” అన్నాను.

“మా అమ్మ ఈ మూకుట్లో నూడుల్సుకు వెన్న కాచేది. ఆ రంగు నిద్రలో లేపినా చెప్తాను.”

గారేజీలోకి వెళ్లి తుపాకి లాకుకు, అంటే కొక్కెం ఉన్న మరకు, బిగించాను. మందు లేకుండా మీట నొక్కాను.

నిప్పు. వాన కురిసినట్టు నిప్పు. పళ్లెంలోకి, బల్ల మీదికి, నా ముంజేతి వెంట్రుకల మీదికి. చిటపటలాడింది. మళ్లీ నొక్కాను. మళ్లీ. మళ్లీ. వెంట్రుకలు మాడిన వాసన వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాను.

ఉక్కు మంచిదని తేలింది. ఈసారి ఒహాయో మనిషి సరైన సరుకు పంపాడు.

డిసెంబరు 26

చేతులు ఇంకా వెచ్చబడలేదు. అయినా ఇప్పుడే రాయాలి.

తెల్లారుతుండగా కొండెక్కాం. కర్విన్ ముందు, నేను వెనుక. రాళ్ల మీద మంచు గడ్డకట్టింది. ప్రతి జారుడు రాయి దగ్గరా వాడు ఆగి, బూటు ముడి వేసుకుంటున్నట్టు నటించాడు. నాకు తెలియదనుకున్నాడు. మాటు దగ్గర ముళ్లపొదలు లేవు. ఎవరో కొట్టేశారు. వాడి వంక చూశాను. వాడు ఆకాశం వంక చూశాడు.

గోడ మూలలో నిలబడ్డాను. మామగారి వాసనేదో ఆ రాళ్లలో ఇంకా ఉన్నట్టే ఉంటుంది, తడి ఉన్ని, పొగాకు. మందు పోశాను, పళ్లెం మూశాను. గాలి ఎదురుగా ఉంది, అనుకూలం. చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత హెమ్లాక్ చెట్ల కింద కదలిక. గోధుమ రంగు, జింక రంగు. మెడ వంచి, లేచి, మళ్లీ వంచింది. కొక్కెం పూర్తిగా ఎత్తాను. గురి కుదిరింది. వేలు మీట మీదికి వెళ్లింది.

మొన్నమొన్నటిదాకా ఈ తుపాకిలో ఒక అనుమానం ఉండేది. పేలుతుందో లేదో. ఇప్పుడు అనుమానం లేదు. వేలు నొక్కితే పేలుతుంది, ఎవరి మీద గురి ఉంటే వాళ్ల మీద పేలుతుంది. మనిషని దూరం నుంచే తెలిసే ఆరెంజి కోట్లు ఈ వేటలో అందరూ తొడుక్కోరు. పాత పద్ధతి తుపాకి, పాత పద్ధతి కోటు. గోధుమ రంగు కాన్వాసు కోటు. క్లబ్బులో సగం మందికి ఉంది. నాకూ ఉంది. ఇప్పుడు నా ఒంటి మీద ఉన్నది అదే.

మెల్లగా అడిగాను, గడ్డం కదలకుండా: “కర్వీ. నీకేం కనిపిస్తోంది?”

జీవితంలో వాడిని నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదేనేమో.

“ఎక్కడ?”

“హెమ్లాక్ కింద.”

వాడు చెట్ల వైపు మెడ చాచి చూశాడు. చెప్పినప్పుడు గొంతులో ఎప్పటి వెటకారం లేదు.

“బీచ్ చెట్టు మొక్క బావా. చిన్నది. ఎండాకులు రాలలేదు. గాలికి ఊగుతోంది.”

“నాకు తెలుసు.”

“తెలిస్తే కొక్కెం ఎందుకెత్తావు?”

“లాకు బిగిసిందేమో చూస్తున్నా. చలికి.”

“ఆఁ,” అన్నాడు.

తుపాకిని పక్కకు తిప్పి, వాలు మీద పేరుకున్న మంచులోకి గురి పెట్టి మీట నొక్కాను. పళ్లెం భగ్గుమనడం, గొట్టం గర్జించడం ఒక్కసారే జరిగాయి, మధ్యలో తల వెంట్రుక దూరే సందు లేదు. కొండంతా మోగింది. పొగ మా ఇద్దరి మీదికీ వచ్చింది. మంచులో కుండంత గొయ్యి.

కర్విన్ టోపీ తీశాడు. “పేలింది బావా. దేవుడి మీద ఒట్టు, ఇంత వేగంగా పేలిన లాకు నేను చూళ్లేదు. మాటు నీది.”

“నాదే.”

“చచ్చేదాకా అడగను.”

“అడిగి చూడు,” అన్నాను. తుపాకిని గోడకు ఆనించాను. “ఇవాళ మాత్రం నువ్వు నిలబడు. నాకు మోకాళ్లు పట్టేశాయి. కింద కారులో కూచుంటాను.”

వెటకారం చేస్తాడని చూశాను. చెయ్యలేదు. మాటులోకి వెళ్లి, తండ్రి నిలబడ్డట్టే ఎడమ భుజం గోడకు ఆనించి నిలబడ్డాడు. నేను దిగుతుంటే వెనుక నుంచి అన్నాడు: “ఆ కళ్ల డాక్టరు మంగళవారాలు ఉంటాడు.”

“ఎవరడిగారు?”

“ఎవరూ అడగలేదు.”

మధ్యాహ్నం దాకా కారులో కూచున్నాను. పైనుంచి చప్పుడేమీ రాలేదు. మామగారు చెప్పిందే నిజం, వీడికి జింకలు రావు.

జనవరి 3

ఫోన్ చేశాను. ఆర్లీన్ సణుగుడు వినలేక చేశాను. ఆవిడ నిజానికి ఒక్క మాట కూడా అనలేదు, కానీ అనకుండా సణగడం ఆవిడకు బాగా వచ్చు.

జనవరి 22

ముందు కుడి కన్ను. ఇవాళ కట్టు విప్పారు. డాక్టరు కుర్రవాడు, గోడ మీద పటంలోని చిన్న అక్షరాలు చదవమన్నాడు. చదివాను, అందులో ఒక అచ్చుతప్పు కూడా చూపించాను. అక్కడి నర్సుకు నచ్చలేదు.

బ్లూ మౌంటెన్ నీలంగా ఉంది. సరే. ఆ పేరు పెట్టినవాడు తాగి లేడని ఒప్పుకుంటాను. కర్విన్ ఆకాశం గురించి చెప్పింది కూడా పూర్తిగా అబద్ధం కాదు, కానీ ఆ మాట వాడికి చెప్పబోను.

భోజనాల గది కర్టెన్లు ఆకుపచ్చ. బల్ల మీది ముక్కలు ఊదా, నీలం, నీలం. ఒహాయోకు ఏమీ రాయను. నా రెండు చేతుల పనిలో తప్పు లేదు, వాడి ఉక్కులోనూ లేదు, ఇద్దరం సమానం, అక్కడితో సరి.

ఆర్లీన్ పొయ్యి దగ్గర ఉంది. మూకుడు కడిగి, నూనె రాసి, మళ్లీ నల్లగా మెరిసేలా చేసుకుంది. కుర్చీలో కూచుని పరీక్ష చేశాను. ఎడమ కన్ను మూశాను, ఆవిడ జుట్టు తెల్లగా ఉంది, మంచంత తెలుపు. ఎప్పుడు ఇంత తెల్లబడిందో నాకెవరూ చెప్పలేదు. కుడి కన్ను మూశాను. ఎండుగడ్డి రంగు. అప్పుడే కోసి ఎండబెట్టిన గడ్డి రంగు. పెళ్లినాడు చర్చి మెట్ల మీద ఉన్న రంగు.

మళ్లీ ఎడమ. మళ్లీ కుడి.

“ఎవరికి కన్ను కొడుతున్నావు?” అంది, వెనక్కి తిరగకుండానే.

“ఎవరికీ కాదు.”

“రెండో కన్నుకు తేదీ ఇచ్చాడా?”

ఇచ్చాడు, వచ్చే నెల. ఫోన్ చేసి వసంతం దాకా వాయిదా వేయించాను.

“ఇంకా ఇవ్వలేదు,” అన్నాను.